కన్నబిడ్డల కోసం చట్టాన్నే మార్పించిన తల్లి కరోలిన్ నార్టన్

1836 జూన్ 22న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కోర్టు జనంతో కిక్కిరిసిపోయింది. బ్రిటన్ ప్రధాని లార్డ్ మెల్‌బోర్న్ మీద జార్జి నార్టన్ అనే మేజిస్ట్రేటు దావా వేశాడు. తన భార్యతో ప్రధానికి అక్రమ సంబంధం ఉందని, దానివల్ల తనకు జరిగిన నష్టానికి 10 వేల పౌండ్లు ఇప్పించాలని కోరాడు. ఆ భార్య పేరు కరోలిన్ నార్టన్. వయసు 28 ఏళ్లు. ముగ్గురు పిల్లల తల్లి. అప్పటికే పేరున్న కవయిత్రి.

ఆ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆమె నడవడిక గురించే వాదనలు నడిచాయి. పనిలోంచి తీసేసిన నౌకర్లు వచ్చి సాక్ష్యాలు చెప్పారు. పోయేది ఆమె పరువే. కానీ ఆమె తరఫున వకీలు లేడు, మాట్లాడే అవకాశమూ లేదు. ఎందుకంటే ఆ దావా ఇద్దరు మగవాళ్ల మధ్యది. భార్య అనే సొత్తు విషయంలో భర్తకు నష్టం జరిగిందా లేదా అన్నదే అక్కడ తేలాల్సింది.

ఆడవాళ్ల హక్కులకు పాశ్చాత్య దేశాలే పుట్టిల్లు అని చాలామంది అనుకుంటారు. కానీ రెండు వందల ఏళ్ల కిందట కూడా ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీకి తన సంపాదన మీద హక్కు లేదు, కట్టుకున్న బట్టల మీద హక్కు లేదు, ఆఖరికి కన్నపిల్లల మీద కూడా హక్కు లేదు. ఆ పరిస్థితి మారడానికి కారణమైన వాళ్లలో మొదటి వరుసలో ఉండే పేరు కరోలిన్ నార్టన్‌ది.

బేగముల కోసం వాదించిన తాత

కరోలిన్ 1808 మార్చి 22న లండన్‌లో పుట్టింది. ఆమె తాత రిచర్డ్ బ్రిన్స్‌లీ షెరిడన్ పేరు మోసిన నాటక రచయిత, పార్లమెంటు సభ్యుడు. మన దేశ చరిత్రతోనూ ఆయనకు సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ హయాంలో అవధ్ నవాబు ఆసఫుద్దౌలా మీద ఒత్తిడి తెచ్చి, ఫైజాబాదులో ఉన్న ఆయన తల్లి, నాయనమ్మల ఖజానాను లాగేసుకున్నారు. అవధ్ బేగముల ఆస్తిని ఇలా కొల్లగొట్టడం ఘోరమైన అన్యాయమని 1787లో షెరిడన్ బ్రిటిష్ పార్లమెంటులో ఐదు గంటలకు పైగా మాట్లాడాడు. ఆ రోజుల్లో ఆ ప్రసంగం గురించి చెప్పుకోని వాళ్లు లేరు. హేస్టింగ్స్ మీద విచారణ ఏళ్ల తరబడి సాగి, చివరికి 1795లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఫైజాబాదు బేగములకు సొంత ఖజానా ఉంది, సొంత జాగీర్లు ఉన్నాయి. వాటిని లాక్కోవడం తప్పని వాదించిన షెరిడన్ దేశంలో మాత్రం పెళ్లయిన మామూలు స్త్రీకి సొంతమంటూ ఒక పెన్నీ కూడా ఉండేది కాదు. ఆ సంగతి ఎంత దారుణమైనదో ఆయన మనవరాలికి తన మీదకు వచ్చాకే తెలిసింది.

తాతకు పేరు మిగిలింది గానీ డబ్బు మిగల్లేదు. తండ్రి టామ్ షెరిడన్ క్షయ జబ్బుతో బాధపడుతూ, దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీలో ఉద్యోగానికి వెళ్లి 1817లో అక్కడే చనిపోయాడు. తల్లి పిల్లల్ని వెంటేసుకుని హాంప్టన్ కోర్టు రాజభవనంలో రాజుగారి దయతో ఇచ్చిన గదుల్లో కాలం వెళ్లదీసింది. హెలెన్, కరోలిన్, జార్జియానా అనే ముగ్గురు అక్కచెల్లెళ్లూ అందగత్తెలే, చదువూ తెలివీ ఉన్నవాళ్లే. కానీ కట్నమివ్వడానికి ఇంట్లో ఏమీ లేదు. దొరికిన సంబంధం చేసేయడం తప్ప ఆ తల్లికి వేరే దారి కనిపించలేదు.

1827లో, 19 ఏళ్ల వయసులో కరోలిన్‌కు జార్జి నార్టన్‌తో పెళ్లయింది. అతను గ్రాంట్‌లీ ప్రభువుకు తమ్ముడు, వకీలు చదువు చదివినవాడు, పార్లమెంటు సభ్యుడు. పైకి చూస్తే మంచి సంబంధమే. కానీ వకీలుగా అతనికి కేసులు రావు, రాబడి అంతంతమాత్రం. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

పెళ్లితో మాయమయ్యే మనిషి

కరోలిన్ కథ అర్థం కావాలంటే అప్పటి ఇంగ్లండు చట్టం ఏం చెప్పేదో తెలియాలి. పెళ్లి కాని స్త్రీకి, వితంతువుకు ఆస్తి ఉండొచ్చు, ఒప్పందాలు రాసుకోవచ్చు, కోర్టుకెళ్లొచ్చు. పెళ్లయిన మరుక్షణం ఇవన్నీ పోయేవి. భార్యాభర్తలిద్దరూ ఒకే వ్యక్తి, ఆ వ్యక్తి భర్త. చట్టం సారాంశం అదే.

భార్య దగ్గరున్న డబ్బు, నగలు, సామాను అన్నీ భర్తవి. ఆమె కూలి చేసి తెచ్చినా, పుస్తకం రాసి తెచ్చినా ఆ సొమ్ము భర్తదే. ఆమె పేర భూమి ఉంటే దాని మీద వచ్చే కౌలు అతనిదే. ఆమె ఒంటరిగా దావా వేయలేదు. భర్త ఒప్పుకోకుండా వీలునామా కూడా రాయలేదు. పెళ్లి వల్ల పుట్టిన పిల్లలు తండ్రి సొత్తు. అతను వాళ్లను ఎక్కడైనా ఉంచొచ్చు, ఎవరికైనా అప్పజెప్పొచ్చు. తల్లికి చూపించాలన్న నియమం లేదు.

బాగా డబ్బున్న కుటుంబాలు దీన్నుంచి తప్పించుకోవడానికి ఒక దారి కనిపెట్టాయి. పెళ్లికి ముందే కూతురి ఆస్తిని ధర్మకర్తల పేర రాసేసేవారు. అది అల్లుడి చేతికి వెళ్లేది కాదు. కానీ అందుకు వకీళ్లు కావాలి, డబ్బు కావాలి. బట్టలు ఉతికే మనిషికి, మిల్లులో పనిచేసే అమ్మాయికి ఆ దారి మూసే ఉండేది.

విడాకుల సంగతి ఇంకా అన్యాయం. పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో ఆ ఒక్క జంట కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి. 1857 వరకు అలా చట్టం తెచ్చుకుని విడాకులు పొందిన వాళ్లు కొన్ని వందల మంది. వాళ్లలో ఆడవాళ్లు నలుగురే నలుగురు.

కాపురం కాదు, నరకం

పెళ్లయిన కొద్ది నెలలకే జార్జి చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. ఏదో మాట మీద ఆమె తన అభిప్రాయం చెబితే కాలితో తన్నాడు. ఇంకోసారి సిరాబుడ్డి, న్యాయశాస్త్ర పుస్తకాలు ఎత్తి ఆమె మీదకు విసిరాడు. ఈ సంగతులన్నీ తర్వాత ఆమే అచ్చులో పెట్టింది. దెబ్బలు తిన్నాక పుట్టింటికి వెళ్లేది. అతను కాళ్లావేళ్లా పడి బతిమాలేవాడు. పిల్లల మొహం చూసి తిరిగి వచ్చేది. అలా తిరిగి రావడమే తన మెడకు ఉచ్చు అవుతుందని ఆమెకు అప్పట్లో తెలియదు.

1829లో ఫ్లెచర్, 1831లో బ్రిన్స్‌లీ, 1833లో విలియం పుట్టారు. ఇంటి ఖర్చులకు కరోలిన్ కలం పట్టింది. 1829లో మొదటి కవితల పుస్తకం వచ్చింది. మంచి పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. తర్వాత పత్రికలకు సంపాదకత్వం చేసింది, కథలు రాసింది, పాటలు రాసింది. ఫ్యాక్టరీల్లో పసిపిల్లల చేత వెట్టిచాకిరీ చేయించడాన్ని ఖండిస్తూ 1836లో ఒక దీర్ఘకవిత అచ్చు వేసింది. ఈ రాబడంతా చట్టప్రకారం జార్జిదే.

1830 ఎన్నికల్లో జార్జి ఓడిపోయాడు. భార్యకు ఉన్న పరిచయాలతో తనకో ఉద్యోగం చూడమన్నాడు. ఆమె తన తాతకు తెలిసిన కుటుంబాల పెద్దల్లో ఒకరైన లార్డ్ మెల్‌బోర్న్‌కు ఉత్తరం రాసింది. ఆయన అప్పుడు హోంమంత్రి. జార్జికి లండన్‌లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది, ఏడాదికి వెయ్యి పౌండ్ల జీతం. ఆ పరిచయం స్నేహంగా మారింది. మెల్‌బోర్న్ తరచూ వాళ్లింటికి వచ్చేవాడు, రాజకీయాలూ పుస్తకాలూ మాట్లాడుకునేవాళ్లు. ఉద్యోగం ఇప్పించినన్నాళ్లూ జార్జికి ఆ రాకపోకల్లో తప్పేమీ కనిపించలేదు.

1836 వసంతంలో ఒక గొడవ తర్వాత జార్జి ముగ్గురు పిల్లల్నీ ఇంట్లోంచి పంపించేశాడు. అప్పటికి పెద్దవాడికి ఏడేళ్లు కూడా నిండలేదు, చిన్నవాడికి మూడేళ్లు దాటలేదు. ఆమె వెతుక్కుంటూ వెళ్లింది. పిల్లలు ఉన్న చోట తలుపులు తెరవలేదు. తర్వాత వాళ్లను స్కాట్లండులోని మేనత్త దగ్గరికి పంపేశారు. ఆ తర్వాతే ప్రధాని మీద దావా వచ్చింది.

గెలిచిన కేసులో ఓడిన మనిషి

కేసు నిలవలేదు. సాక్షులు తాగుబోతులని, డబ్బుకు ఆశపడ్డవాళ్లని తేలిపోయింది. జ్యూరీ సభ్యులు కూర్చున్న చోటు నుంచి లేవకుండానే మెల్‌బోర్న్‌కు అనుకూలంగా తీర్పు చెప్పేశారు. ఆ రోజు కోర్టులో పత్రికా విలేకరిగా కూర్చున్న కుర్రాడి పేరు చార్లెస్ డికెన్స్. ఆయన తన పిక్‌విక్ నవలలో రాసిన నవ్వు తెప్పించే కోర్టు ఘట్టానికి ఈ కేసు కూడా ఒక మూలమని అంటారు.

మెల్‌బోర్న్ ప్రధానిగానే కొనసాగాడు. మరి కరోలిన్? ఆమె నిర్దోషి అని తీర్పు చెప్పినట్టే అయింది. కానీ నిప్పు లేనిదే పొగ రాదు అనే లోకం నోరు మూయడం ఎవరి తరం? పెద్దింటి ఆడవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. తప్పు చేసినట్టు రుజువు కాలేదు కాబట్టి భర్త ఆమెకు విడాకులు ఇవ్వలేడు. దెబ్బలు తిని కూడా తిరిగి కాపురానికి వచ్చింది కాబట్టి అతని క్రూరత్వాన్ని క్షమించినట్టే లెక్క, ఆ కారణం చూపి ఆమె కోర్టుకు వెళ్లలేదు. అంటే ఆమె అతని భార్యగానే ఉండిపోవాలి. ఇల్లు లేదు, సంపాదన తనది కాదు, పిల్లలు తన దగ్గర లేరు.

అప్పుడామె చట్టం పుస్తకాలు తీసింది. తనలాంటి తల్లుల కేసుల్లో కోర్టులు ఏం చెప్పాయో చదివింది. 1804లో ఒక తండ్రి తల్లి దగ్గర పాలు తాగుతున్న ఎనిమిది నెలల బిడ్డను లాక్కెళితే, అది తండ్రి హక్కు అని కోర్టు చెప్పింది. 1836లోనే ఇంకో కేసు వచ్చింది. భర్త వేరే స్త్రీతో ఉంటున్నాడు. భార్య మీద ఏ మచ్చా లేదు. అయినా ఆరేళ్లలోపు ముగ్గురు ఆడపిల్లల్నీ తండ్రికి అప్పగించాల్సిందేనని తీర్పు వచ్చింది. జడ్జీలు చెడ్డవాళ్లు కారు. కొందరు మనసులో బాధపడ్డారు కూడా. కానీ చట్టంలో తల్లి అనే మాటకు చోటే లేదు.

దాంతో కరోలిన్‌కు ఒక విషయం స్పష్టమైంది. తన భర్తను మార్చడం తన వల్ల కాదు. మారాల్సింది చట్టం.

పసిపిల్లల చట్టం

ఓటు లేదు, పార్లమెంటులో అడుగు పెట్టే హక్కు లేదు. ఆమె చేతిలో ఉన్నది కలం ఒక్కటే. 1837లో పిల్లల మీద తల్లికి ఉండే సహజమైన హక్కు గురించి ఒక కరపత్రం రాసి సొంతంగా అచ్చు వేయించి పంచింది. థామస్ టాల్‌ఫర్డ్ అనే వకీలు పార్లమెంటు సభ్యుడు కూడా. ఆయన పసిపిల్లల సంరక్షణ బిల్లును సభ ముందు పెట్టడానికి ముందుకొచ్చాడు.

1838లో బిల్లు దిగువ సభలో గెలిచింది. ప్రభువుల సభలో స్వల్ప తేడాతో ఓడిపోయింది. బిల్లును వ్యతిరేకించిన వాళ్లలో లార్డ్ బ్రూమ్ ఒకడు. ఆడవాళ్ల విషయంలో చట్టం కఠినంగా ఉందని ఒప్పుకుంటూనే, ఈ ఒక్క ముడి విప్పితే కుటుంబం మీద భర్త పట్టు సడలిపోతుందన్న భయంతో అడ్డుపడ్డాడు. ఒక పత్రిక బిల్లును వదిలేసి కరోలిన్ మీదే బురద చల్లింది. ఆమె పరువునష్టం దావా వేద్దామనుకుంది. కుదరలేదు. పెళ్లయిన స్త్రీ సొంతంగా దావా వేయలేదు కదా. భర్త తరఫున వేయాలి. ఆ భర్త జార్జి.

ఆమె వెనక్కి తగ్గలేదు. ఆడది రాస్తే చదవరని తెలిసి పియర్స్ స్టీవెన్‌సన్ అనే మగ పేరుతో లార్డ్ ఛాన్స్‌లర్‌కు ఒక బహిరంగ లేఖ రాసింది. చట్టం ఎక్కడ ఎలా దెబ్బతీస్తోందో ఒక్కో కేసూ విప్పి చూపించింది. దాని ప్రతులు సభ్యులందరికీ చేరాయి. 1839 ఆగస్టులో బిల్లు గట్టెక్కింది.

ఆ చట్టం ఇచ్చింది కొంచెమే. ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని, అంతకంటే పెద్ద పిల్లల్ని చూడనివ్వమని తల్లి ఛాన్సరీ కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. వ్యభిచారం రుజువైన తల్లికి ఆ అవకాశమూ లేదు. ఛాన్సరీ కోర్టుకు వెళ్లాలంటే బోలెడు ఖర్చు. అయినా అది మామూలు విషయం కాదు. పెళ్లయిన తల్లికి తన పిల్లల మీద ఎంతో కొంత హక్కు ఉందని ఇంగ్లండు శాసనం ఒప్పుకోవడం అదే మొదటిసారి.

ఈ చట్టం కోసం పోరాడిన తల్లికి మాత్రం దానివల్ల లాభం లేకపోయింది. ఆమె పిల్లలు ఉన్నది స్కాట్లండులో. అక్కడ ఇంగ్లండు కోర్టు ఉత్తర్వు చెల్లదు.

1842లో చిన్నవాడు విలియం యార్క్‌షైర్‌లో తండ్రి ఇంట్లో ఉండగా గుర్రం మీద నుంచి పడ్డాడు. గాయం చిన్నదే. సరిగ్గా పట్టించుకోకపోవడంతో విషమించింది. పరిస్థితి చేయి దాటాక తల్లికి కబురు పంపారు. ఆమె పరుగున వెళ్లేసరికి బిడ్డ శవపేటికలో ఉన్నాడు. వాడికి పదేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాతే జార్జి మెత్తబడి, మిగతా ఇద్దరు కొడుకుల్నీ తల్లి దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు.

చెల్లని సంతకం

పిల్లల గొడవ సద్దుమణిగింది అనుకుంటే డబ్బు గొడవ మొదలైంది. 1848లో జార్జికి అప్పు కావాల్సి వచ్చింది. కరోలిన్‌కు, పిల్లలకు సంబంధించిన ట్రస్టు ఆస్తి మీద ఆ అప్పు తేవాలి. అందుకు ఆమె ఒప్పుకోవాలి. బదులుగా ఏటా 500 పౌండ్లు భరణం ఇస్తానని కాగితం రాసిచ్చాడు.

1851లో కరోలిన్ తల్లి చనిపోతూ కూతురికి ఏటా 480 పౌండ్లు వచ్చే ఏర్పాటు చేసింది. అల్లుడి చేతికి చిక్కకుండా జాగ్రత్త పడింది. ఆ సంగతి తెలియగానే జార్జి భరణం ఎగ్గొట్టాడు. కాగితం ఉంది కదా అంటే, అది చెల్లదన్నాడు. చట్టప్రకారం అతను చెప్పింది నిజమే. భార్యాభర్తలు ఒకే వ్యక్తి అయినప్పుడు, ఒక మనిషి తనతో తానే ఒప్పందం ఎలా రాసుకుంటాడు?

కరోలిన్ ఒక పని చేసింది. తనకు సరుకులు, సేవలు ఇచ్చిన వ్యాపారుల్ని బిల్లులు తన భర్తకు పంపమంది. భార్య అప్పు భర్తదే కదా, వసూలు చేసుకోండి అంది. 1853 ఆగస్టులో ఆమె గుర్రబ్బండి మరమ్మతు చేసిన వ్యాపారి జార్జి మీద వెస్ట్‌మినిస్టర్‌లో దావా వేశాడు. ఈసారి కరోలిన్ బోనెక్కి మాట్లాడింది. జార్జి వకీళ్లు ఆమె బ్యాంకు ఖాతాలు, ప్రచురణకర్తలు ఇచ్చిన సొమ్ము లెక్కలు అన్నీ బయట పెట్టించారు. పాత మెల్‌బోర్న్ వ్యవహారాన్ని మళ్లీ తవ్వారు. మెల్‌బోర్న్ చనిపోయి అప్పటికి దాదాపు అయిదేళ్లు. సాంకేతిక కారణం మీద వ్యాపారి దావా వీగిపోయింది. కానీ ఆ రోజు కోర్టులో ఆమె మాట వినడానికి దేశమంతా చెవి పెట్టింది.

రాణికి రాసిన లేఖ

తర్వాతి ఏడాది, అంటే 1854లో, ఇంగ్లండు చట్టాలు ఆడవాళ్లను ఎలా చూస్తున్నాయో చెబుతూ ఆమె ఒక పుస్తకం రాసింది. ఇంటి గుట్టు బయట పెట్టిందని తిట్టినవాళ్లు ఉన్నారు. కానీ ఆమె ఇంటి గుట్టును అప్పటికే రెండుసార్లు కోర్టుకెక్కించింది భర్తే. 1855లో వివాహం, విడాకుల బిల్లు మీద విక్టోరియా రాణిని ఉద్దేశించి ఒక లేఖను అచ్చు వేసింది. రాజ్యాన్ని ఏలుతున్నది ఒక స్త్రీ, ఆ రాజ్యంలోనే పెళ్లయిన స్త్రీకి చట్టంలో ఉనికి లేదు. ఈ వైరుధ్యాన్నే ఆమె రాణి ముందు, దేశం ముందు పెట్టింది.

అదే సమయంలో బార్బరా లీ స్మిత్ అనే యువతి, ఆమె స్నేహితురాళ్లు కలిసి పెళ్లయిన ఆడవాళ్ల ఆస్తి హక్కు కోసం ఊరూరా సంతకాలు సేకరించారు. 1856లో పార్లమెంటుకు చేరిన ఆ అర్జీల మీద దాదాపు 26 వేల సంతకాలు ఉన్నాయి. రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్, కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ కూడా సంతకం పెట్టారు.

1857లో కొత్త విడాకుల చట్టం వచ్చింది. కరోలిన్ లేవనెత్తిన అంశాల్లో కొన్ని అందులో చేరాయి. ప్రభువుల సభలో లార్డ్ లిండ్‌హర్‌స్ట్ ఆమె రాతల్ని ఆధారం చేసుకునే వాదించాడు. భర్త వదిలేసిపోయిన భార్య మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి, తన సంపాదనను భర్త గానీ అతని అప్పులవాళ్లు గానీ ముట్టుకోకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. కోర్టు ద్వారా వేరుపడిన భార్య ఆస్తి సంపాదించుకోవచ్చు, వారసత్వం పొందొచ్చు, ఒప్పందాలు రాసుకోవచ్చు, దావా వేయొచ్చు. విడాకుల కోసం పార్లమెంటుకు పోనక్కర్లేకుండా ప్రత్యేక కోర్టు వచ్చింది.

కానీ ఆ చట్టం కూడా రెండు కొలతలు పెట్టింది. భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు, భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు కావాలంటే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో, ఇంకో పెద్ద నేరమో కూడా రుజువు కావాలి. ఈ తేడా తొలగడానికి ఇంగ్లండులో 1923 దాకా పట్టింది.

సమానత్వం అడగని పోరాటయోధురాలు

కరోలిన్‌ను స్త్రీవాదానికి మొదటి నాయకురాలిగా చెబుతుంటారు. ఆమె మాత్రం ఆ పేరు పెట్టుకోవడానికి ఒప్పుకునేది కాదు. ఆడవాళ్లు మగవాళ్లతో సమానం అన్న వాదాన్ని ఆమె తన పుస్తకాల్లోనే కాదంది. మగవాడి అండలో ఉండటం ఆడదానికి సహజమే అని ఆమె నమ్మకం. కానీ అండగా ఉండాల్సినవాడే కాలనాగైతే, అప్పుడు చట్టం అండగా ఉండాలి కదా అన్నదే ఆమె ప్రశ్న.

ఈ మాట విని హక్కుల కోసం పోరాడే ఆడవాళ్లు నొచ్చుకున్నారు. తన సొంత కష్టాన్నే పదేపదే చెప్పుకుంటుందని కొందరు విసుక్కున్నారు. అది కొంత నిజం కూడా. కానీ ఓటు లేని కాలంలో, మగవాళ్లే నిండిన సభలో ఓట్లు రాబట్టాలంటే సమానత్వం అనే మాట కంటే రక్షణ అనే మాటే పని చేస్తుందని ఆమెకు తెలుసు. అది ఆమె నమ్మకమా, ఎత్తుగడా అని ఇప్పటికీ చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు.

కొత్తగా కట్టిన ప్రభువుల సభలో చిత్రకారుడు డేనియల్ మాక్లీస్ న్యాయదేవత చిత్రాన్ని గోడ మీద గీశాడు. ఆ న్యాయదేవత మొహానికి నమూనాగా కూర్చున్నది కరోలినే. ఏ సభ ఆమె బిల్లును ఒకసారి తోసిపుచ్చిందో, ఆ సభ గోడ మీదే ఆమె న్యాయానికి ప్రతిరూపమై నిలిచింది.

ఆఖరి మూడు నెలలు

పెద్ద కొడుకు ఫ్లెచర్ 1859లో క్షయతో చనిపోయాడు. ఆమె నవలలు రాస్తూ, మనవల్ని పెంచుతూ గడిపింది. 1875లో జార్జి చనిపోయాడు. పెళ్లయిన దాదాపు 48 ఏళ్లకు ఆ బంధం తెగింది. 1877 మార్చిలో, 68 ఏళ్ల వయసులో, ఎన్నాళ్ల నుంచో స్నేహితుడైన సర్ విలియం స్టిర్లింగ్ మాక్స్‌వెల్‌ను పెళ్లి చేసుకుంది. మూడు నెలలు తిరిగాయో లేదో, జూన్ 15న కన్నుమూసింది.

ఆమె బతికుండగానే 1870లో, పెళ్లయిన స్త్రీ సంపాదన ఆమెదే అనే చట్టం వచ్చింది. 1873లో తల్లి పిల్లల్ని కోరే వయసు 16 ఏళ్లకు పెరిగింది. పెళ్లయిన స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు మాత్రం 1882లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి అయిదేళ్లు.

మన దేశం దాకా వచ్చిన నీడ

ఇంగ్లండు చట్టాలు ఓడల మీద మన దేశానికీ వచ్చాయి. 1857 చట్టాన్ని నమూనాగా పెట్టుకుని 1869లో భారత విడాకుల చట్టం చేశారు. అది క్రైస్తవులకు వర్తించేది. ఆ రెండు కొలతలు కూడా అలాగే దిగుమతి అయ్యాయి. ఇంగ్లండు 1923లో వదిలేసిన ఆ తేడా మన క్రైస్తవ సోదరీమణుల మీద 2001 సవరణ దాకా ఉండిపోయింది.

1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. హిందువులు, ముస్లింలు, సిక్కులు, జైనులు, బౌద్ధులను దాని ముఖ్య నిబంధనల నుంచి మినహాయించారు. ఎందుకంటే ఇంగ్లండు చట్టంలోలాగా భార్య సొత్తంతా పెళ్లితోనే భర్తదైపోయే పద్ధతి ఇక్కడి వ్యక్తిగత చట్టాల్లో లేదు. హిందూ చట్టంలో స్త్రీధనం ఉంది. ముస్లిం చట్టంలో మెహర్ భార్యది, ఆమె ఆస్తి ఆమెదే. అమల్లో ఎంతవరకు దక్కిందన్నది వేరే సంగతి. ఆ 1874 చట్టంలోని ఒక నిబంధన మాత్రం తర్వాతి సవరణతో అన్ని మతాల వాళ్లకూ వర్తించింది. భర్త తన జీవిత బీమాను ఈ చట్టం కింద భార్యాపిల్లల పేర తీసుకుంటే, ఆ డబ్బును అప్పులవాళ్లు జప్తు చేయలేరు. బీమా ఏజెంట్లు ఇప్పటికీ ఎం.డబ్ల్యూ.పి. చట్టం అని చెప్పేది దాని గురించే.

ఇంకో బంధుత్వం కూడా ఉంది. కరోలిన్ అక్క హెలెన్ కొడుకు లార్డ్ డఫరిన్ 1884 నుంచి 1888 దాకా భారత వైస్రాయిగా పనిచేశాడు. ఆయన భార్య లేడీ డఫరిన్ 1885లో స్థాపించిన నిధితోనే మన దేశంలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రులు కట్టారు, ఆడవాళ్లకు వైద్యం నేర్పించారు. చాలా ఊళ్లలో డఫరిన్ ఆసుపత్రి అనే పేరు అలా వచ్చిందే.

కరోలిన్ తనకోసం అడిగినవాటిలో దాదాపు ఏదీ తనకు సమయానికి దక్కలేదు. పిల్లల చట్టం వచ్చేసరికి పిల్లలు సరిహద్దు అవతల ఉన్నారు. ఆస్తి చట్టం పూర్తిగా వచ్చేసరికి ఆమె లేదు. దక్కింది ఇతరులకు. 1858 నుంచి ఇంగ్లండులో భర్త వదిలేసిన కుట్టుపని మనిషి, చాకిరీ మనిషి, చిన్న దుకాణం నడుపుకునే ఆడమనిషి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఒక ఉత్తర్వు తెచ్చుకునేది. ఏళ్ల తర్వాత ఆ భర్త తిరిగొచ్చి ఆమె కూడబెట్టిన నాలుగు పౌండ్ల మీద చెయ్యి వేయబోతే, ఆ కాగితం చూపించేది. వాళ్లలో చాలామందికి కరోలిన్ నార్టన్ ఎవరో తెలిసి ఉండదు.